ఎనిమిదేళ్ళ బాకీ

2017లో బొనేర్ దీవి నుంచి ఇంటికి వచ్చేటప్పుడు నా చేతి సంచిలో రెండు వస్తువులున్నాయి. ఒకటి, మెరైన్ పార్కు రుసుము కట్టినందుకు వాళ్ళిచ్చిన గుండ్రటి ప్లాస్టిక్ బిళ్ళ. రెండోది, నీళ్ళ అడుగున రాసుకోవడానికి డైవర్లు వాడే తెల్లటి పలక. దాని మీద మా ఆయన పెన్సిల్‌తో వేసిన బొమ్మ ఉంది. పక్కపక్కనే నిలబడ్డ ఏడు స్తంభాలు, ఎత్తు తెలియడానికి వాటి పక్కన ఒక మనిషి. కింద 'వేయి స్తంభాల గుడి' అని రాశారు. ఆయనది హనుమకొండ. సముద్రం అడుగున స్తంభాల్లాంటివి కనిపిస్తే ఆయనకి ముందు గుర్తొచ్చేది అదే.

అది పిల్లర్ కోరల్ అనే పగడం. ఆయన దాన్ని చూస్తున్నప్పుడు నేను ఒడ్డున రాళ్ళ మీద కూర్చుని ఉన్నాను. కుడి చెవిలో నొప్పి, లోపల నీళ్ళు నిండినట్టు ఒకటే హోరు. ఆ ప్రయాణంలో మూడో రోజుకే నా డైవింగ్ అయిపోయింది. మిగతా నాలుగు రోజులూ ఆయన దిగడం, పైకొచ్చి ఏం చూశారో నాకు పలక మీద గీసి చూపించడం.

"మళ్లొద్దాం. అప్పుడు చూపిస్త నీకు. యాడికి పోతది అది, ఎన్నేండ్ల సందో ఆడనే ఉంది" అన్నారు.

నేనూ అలాగే అనుకున్నాను. మళ్ళీ వెళ్ళడానికి ఎనిమిదేళ్ళు పట్టింది.

బొనేర్ గురించి తెలియని వాళ్ళకి కొంచెం చెప్తాను. వెనిజులాకి ఉత్తరంగా, కరీబియన్ సముద్రంలో ఉన్న చిన్న దీవి. విస్తీర్ణం 288 చదరపు కిలోమీటర్లు, అంటే హైదరాబాద్ నగరంలో సగం కూడా ఉండదు. 2010 నుంచి నెదర్లాండ్స్‌లో ప్రత్యేక మున్సిపాలిటీ. చెలామణి అయ్యేది మాత్రం అమెరికన్ డాలరే. ఊళ్ళో జనం పాపియమెంటు మాట్లాడుకుంటారు. విమానం దిగగానే 'బోన్ బిని' అని కనిపిస్తుంది, స్వాగతం అని అర్థం. దీవి మొత్తం మీద ఒక్క ట్రాఫిక్ సిగ్నల్ లేదు. రోడ్ల మీద గాడిదలు, మేకలు తిరుగుతుంటాయి. మేం హ్యూస్టన్‌లో ఉంటాం. అక్కడి నుంచి నేరుగా విమానం ఉంది, దాదాపు ఐదు గంటల ప్రయాణం.

మా లాంటి మామూలు డైవర్లు అంత దూరం ఆ దీవికే పోవడానికి కారణం ఒకటే. అక్కడ పడవ ఎక్కాల్సిన పని లేదు. పికప్ ట్రక్కు అద్దెకి తీసుకుని, వెనకాల సిలిండర్లు వేసుకుని, తీరం వెంట పోతుంటే రోడ్డు పక్కన పసుపు రంగు వేసిన రాళ్ళు కనిపిస్తాయి. ఒక్కో రాయి మీద ఒక్కో డైవ్ సైట్ పేరు. నచ్చిన చోట ఆపి, సామాను తగిలించుకుని, నడుచుకుంటూ నీళ్ళలోకి దిగడమే. గాలి ఎప్పుడూ తూర్పు నుంచి వీస్తుంది కాబట్టి పడమటి ఒడ్డు చాలా రోజులు చెరువులా ఉంటుంది. ఒడ్డు నుంచి కాసేపు ఈదితే చాలు, పగడపు దిబ్బ మొదలై వాలుగా లోతుకి దిగిపోతుంది.

ఇదంతా దానంతట అది మిగల్లేదు. ఈటెలతో చేపల వేటని అక్కడ 1971లోనే ఆపేశారు. 1979లో దీవి చుట్టూ 60 మీటర్ల లోతు వరకు ఉన్న సముద్రాన్నంతా మెరైన్ పార్కుగా ప్రకటించారు. లంగరు వేయడం నిషేధం. డైవర్లు చేతి తొడుగులు వేసుకోకూడదు, ఎందుకంటే తొడుగుంటే ధైర్యం వచ్చి దేన్నో ఒకదాన్ని పట్టుకుంటాం. ఈ నియమాలన్నీ నాకిష్టం.

ఇక నా చెవి సంగతి. దీని గురించి వివరంగా రాస్తాను, ఎందుకంటే డైవింగ్ నేర్చుకుందామని ఉండి చెవులకి భయపడి ఆగిపోయిన మన వాళ్ళు నాకు చాలామంది తెలుసు.

నీళ్ళలో పది మీటర్లు దిగేసరికి మన మీద ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపవుతుంది. కర్ణభేరి వెనక ఉన్న గాలి ఆ ఒత్తిడికి సగానికి కుంచించుకుపోతుంది. ముక్కు వెనక నుంచి చెవిలోకి వెళ్ళే సన్నటి గొట్టం తెరుచుకుని కొత్త గాలిని లోపలికి పంపకపోతే కర్ణభేరి లోపలికి గుంజుకుపోతుంది. ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదమని నేర్పేది అందుకే. విమానం దిగేటప్పుడు చెవులు దిబ్బెళ్ళు పడతాయే, అదే దీని చిన్న రూపం.

2017లో నాకు జలుబు చేసింది. డబ్బు ఖర్చు పెట్టుకుని వచ్చాం, ఒక రోజు పోగొట్టుకోవడం ఎందుకని దిగాను. ఆరు మీటర్ల దగ్గర నొప్పి మొదలైంది. పైకి రావాల్సింది పోయి, ముక్కు మూసుకుని గట్టిగా ఊదాను. లోపల ఏదో జారినట్టు శబ్దం, వెంటనే కళ్ళు తిరిగాయి, పైకి వచ్చేసరికి మాస్కులో నెత్తురు. కర్ణభేరి చిరగలేదు కానీ మధ్య చెవి బాగా దెబ్బతిందని డాక్టర్ చెప్పారు. ఆ ట్రిప్పులో మళ్ళీ నీళ్ళ ముఖం చూడొద్దన్నారు.

తర్వాత పాప చదువు, కోవిడ్, మా అత్తగారి ఆరోగ్యం. డైవింగ్ మాట ఎవరూ ఎత్తలేదు. నిజం చెప్పాలంటే నేనే ఎత్తనివ్వలేదు. తల స్నానం చేసేటప్పుడు చెవిలో నీళ్ళు పడితే గుండె దడదడలాడేది.

2024 వేసవిలో చెవి, ముక్కు, గొంతు డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఒత్తిడి పరీక్ష చేసి చెవులు బాగానే ఉన్నాయని, అసలు చిక్కు ముక్కులో ఉన్న అలర్జీ అని తేల్చారు. ముక్కులో కొట్టుకునే స్ప్రే ఇచ్చి కొన్ని వారాలు వాడమన్నారు. చెవుల గాలి సరిచేసుకోవడానికి గట్టిగా ఊదడం ఒక్కటే మార్గం కాదని, నాలుక వెనక భాగాన్ని పైకి నెట్టి గాలి పంపే పద్ధతి ఇంకా మెల్లనిదని ఆ తర్వాత మా డైవింగ్ టీచరమ్మ నేర్పింది. మింగినట్టు, ఆవలించినట్టు, దవడ కదిపినట్టు... రోజూ వంటింట్లో నిలబడి రెండు చెవులూ 'టిక్' మనేదాకా సాధన చేశాను. పప్పు ఉడికేలోపు యాభై సార్లు. మొదట్లో ఎడమది మాత్రమే పలికేది. రెండు నెలలకి కుడిది పలికింది. ఆ రోజు మా ఆయనకి ఆఫీసుకి ఫోన్ చేసి మరీ చెప్పాను.

తర్వాత స్విమ్మింగ్ పూల్‌లో రిఫ్రెషర్ క్లాసు, ఆపైన ఆస్టిన్ దగ్గర లేక్ ట్రావిస్‌లో రెండు డైవ్‌లు. అక్కడ నీళ్ళు పచ్చగా, మసకగా ఉంటాయి. చెయ్యి చాపితే వేళ్ళు సరిగ్గా కనపడలేదు. అయినా తొమ్మిది మీటర్లు దిగి నొప్పి లేకుండా పైకొచ్చాను. ఆ రాత్రే 2025 ఫిబ్రవరికి టికెట్లు కొన్నాం. రెండు వారాలు.

ఈసారి దీవిలోకి అడుగు పెట్టడానికి ఒక్కొక్కరికి 75 డాలర్ల ప్రవేశ పన్ను, మెరైన్ పార్కుకి 40 డాలర్లు కట్టాం. పార్కు రుసుము డిసెంబర్ చివరిదాకా చెల్లుతుంది. ప్లాస్టిక్ బిళ్ళ లేదు, అంతా ఆన్‌లైన్. నా పాత బిళ్ళని మాత్రం బెంగతో జాకెట్‌కి తగిలించుకున్నాను.

ఎన్ని సార్లు వచ్చిన వాళ్ళయినా, ఎంత అనుభవం ఉన్నా, వచ్చిన వెంటనే అందరూ పరిచయ పాఠం విని ఒక చెక్ డైవ్, అంటే ముందుగా పరీక్ష కోసం ఒక డైవ్, చేయాల్సిందే. 2017లో ఆ పాఠమంతా తన్నొద్దు, తాకొద్దు, ఏమీ ఏరుకోవద్దు అన్నంతవరకే నాకు గుర్తు. ఈసారి సగం పైగా పగడాలకి వచ్చిన జబ్బు గురించే. స్టోనీ కోరల్ టిష్యూ లాస్ డిసీజ్ అంటారు. 2014లో ఫ్లోరిడాలో మొదట కనిపించి, దీవి తర్వాత దీవి దాటుకుంటూ 2023 మార్చికి బొనేర్ చేరింది. ఇరవైకి పైగా జాతుల గట్టి పగడాలకి సోకుతుంది. తెల్లటి మచ్చగా మొదలై, పైనున్న ప్రాణమున్న పొర ఊడిపోయి, కొన్ని వారాల్లో సున్నపు ఎముక మిగులుతుంది. ఒక చోటి నీళ్ళు ఇంకో చోటికి మా సామాను మీద పోకుండా, ప్రతి డైవ్ తర్వాత సూట్లు, జాకెట్లు మందు కలిపిన నీళ్ళ తొట్టిలో ముంచి, తర్వాత మంచినీళ్ళలో కడగమన్నారు. జబ్బున్న చోట్లు రోజులో చివరన చూడమన్నారు.

నేను చెయ్యెత్తి అడిగాను, పిల్లర్ కోరల్‌కి కూడా సోకుతుందా అని. "అన్నిటికంటే ముందు పోయే వాటిలో అది ఒకటి" అంది పాఠం చెప్పే అమ్మాయి. మా ఆయన నా వైపు చూడలేదు.

చెక్ డైవ్‌లో ఐదు మీటర్లకి మించి దిగలేదు. నీళ్ళ మీద తేలే బుడ్డికి కట్టిన తాడు పట్టుకుని, కాళ్ళు కిందికి పెట్టి, అరమీటరుకి ఒకసారి ఆగి చెవులు సరిచేసుకుంటూ దిగాను. తల కిందికి పెట్టి దిగితే గాలి పోవడం కష్టం. కాళ్ళు కిందికుంటే సులువు. నొప్పి వచ్చాక కాదు, రాకముందే మొదలుపెట్టాలి. మూడు మీటర్ల దగ్గర కుడి చెవి పలకలేదు. చెవి చూపించి అరచేయి అటూ ఇటూ ఊపాను, ఇబ్బందిగా ఉందని సంజ్ఞ. ఒక మీటరు పైకొచ్చి, మింగి, మళ్ళీ దిగాం. మా ఆయన తాడుకి అటువైపు నా ముఖంలోకే చూస్తూ ఉన్నారు. ఆయన ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. అడుగున ఇసుక మీద మోకాళ్ళు ఆనకుండా నిలకడగా తేలుతూ, నా ఊపిరి బుడగలు పైకి పోవడం వింటుంటే మాస్కులో కన్నీళ్ళు వచ్చాయి. మాస్కులో కన్నీళ్ళు తుడుచుకోవడం కుదరదు. నీళ్ళు తోడినట్టే ముక్కుతో గాలి ఊది తీసేశాను.

మొదటి మూడు రోజులు రోజుకి ఒక్కటే డైవ్, అదీ పది పన్నెండు మీటర్ల లోపే. మధ్యాహ్నాలు ట్రక్కులో దీవంతా తిరిగాం. దక్షిణాన ఉప్పు మడులున్నాయి. మా అమ్మమ్మగారిది శ్రీకాకుళం జిల్లా నౌపడ దగ్గర ఊరు, ఉప్పు మడుల మధ్యే నా వేసవి సెలవులు గడిచాయి. అందుకే ఆ తెల్లటి గుట్టలు దూరం నుంచి కనబడగానే ప్రాణం లేచొచ్చింది. నీళ్ళు ఇంకే కొద్దీ ఉప్పులో బతికే సూక్ష్మజీవుల వల్ల మడులు గులాబీ రంగుకి తిరుగుతాయి. ఆ పక్కనే ఫ్లమింగోలు.

ఆ రోడ్డు మీదే ఒడ్డున వరసగా చిన్న చిన్న రాతి గుడిసెలు. 1850లో కట్టినవి. ఉప్పు తీసే బానిసలు రాత్రిళ్ళు తలదాచుకునేవాళ్ళు. నేను పెద్ద పొడవు మనిషిని కాదు, అయినా వంగి దూరాల్సి వచ్చింది. లోపల నిటారుగా నిలబడలేను. వాళ్ళ కుటుంబాలు ఉత్తరాన రింకన్ అనే ఊళ్ళో ఉండేవి. వారాంతానికి ఏడు గంటలు నడిచి ఇంటికి పోయి, మళ్ళీ నడిచి వచ్చేవాళ్ళట. డచ్ వలసల్లో బానిసత్వం 1863లో పోయింది. ఎండలో ఉప్పు తొక్కిన కాళ్ళు ఎలా పగులుతాయో నేను మా ఊళ్ళో కూలీల పాదాల్లో చూశాను. వాళ్ళు సాయంత్రానికి ఇంటికి పోయేవాళ్ళు. ఆ గుడిసె గోడకి చెయ్యి ఆనించి చాలాసేపు ఉన్నాను. అక్కడికి డైవింగ్‌కి వచ్చిన వాళ్ళు ట్రక్కు ఆపి ఫోటో తీసుకుని వెళ్ళిపోతుంటారు. ఒక పది నిమిషాలు లోపల కూర్చుని చూడండి.

నాలుగో రోజు బుధవారం, మాఘ పున్నమి. మా వైపు ఆ రోజు ఊళ్ళకి ఊళ్ళు సముద్ర స్నానానికి కదులుతాయి. మా అమ్మమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుని, మోకాళ్ళ లోతుకి మించి పోనివ్వకుండా మూడు మునకలు వేయించేది. "లోపలికెల్తే గంగమ్మ తీసుకుపోద్దే" అనేది. ఆ తెల్లవారి మేం అద్దెకున్న ఇంటి ముందు మెట్లు దిగి మూడు మునకలు వేశాను. వేశాక మా ఆయనతో అన్నాను: "ఈ రోజు చూపించండి."

ఆయన పలక వెనక ఆ చోటు గుర్తులు రాసుకున్నారు. పసుపు రాయి నుంచి నేరుగా ఈది, దిబ్బ అంచు రాగానే ఎడమకి, లోతు పదమూడు మీటర్లు. నీళ్ళు స్వచ్ఛంగా ఉన్నాయి, ముప్పై మీటర్ల దూరం కనిపిస్తోంది. చెవులు రెండూ పలుకుతూ వచ్చాయి. దారిలో పెద్ద మెదడు పగడాలు కనిపించాయి, ఒక్కోటి ఆటో రిక్షా అంత. వాటిలో సగానికి పైగా బూడిద రంగులో, నాచు పట్టి ఉన్నాయి. వంకరటింకర గీతలు మాత్రం అలాగే ఉన్నాయి, చెక్కిన రాయిలా.

ఇంకొంచెం పోయాక మా ఆయన ఆగారు. ముందుకి పోలేదు, చెయ్యి చూపించలేదు. నేనే చూసుకున్నాను. ఏడు స్తంభాలు. పలక మీద గీసిన వరసలోనే. రెండు విరిగి పక్కకి పడున్నాయి. నిలబడ్డవాటి నిండా నాచు. పిల్లర్ కోరల్ బతికుంటే దూరం నుంచి బొచ్చు కప్పుకున్నట్టు కనిపిస్తుంది. చాలా పగడాల్లోని చిన్న జీవులు రాత్రి మాత్రమే బయటికి వస్తే, దీనివి పగలు కూడా చేతులు చాపి ఊగుతుంటాయి. ఆయన 2017లో నాకు వర్ణించింది ఆ ఊగడాన్నే. గాలికి వరి చేను కదిలినట్టుంది అన్నారు. ఇప్పుడు ఏదీ కదలడం లేదు. ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్లు పెరిగే ప్రాణి అది. నాకంటే ఎత్తుంది. పుట్టి ఎన్నేళ్ళయి ఉంటుందో లెక్క వేసుకోవచ్చు. చావడానికి పట్టింది కొన్ని వారాలు.

నేను అక్కడి నుంచి వెంటనే రాలేదు. ఒక్కో స్తంభం చుట్టూ మెల్లగా తిరిగాను, తగలకుండా. ఎడమ నుంచి రెండోదాని కింద, నీడ వైపు, లేత గోధుమ రంగులో ఒక ముక్క కనిపించింది. నా అరచేయంత. దగ్గరికి పోయి చూస్తే ఊగుతోంది. మా ఆయన్ని పిలవడానికి సిలిండర్ మీద లోహపు కొక్కెంతో టక టక కొట్టాను. ఆయన వచ్చి చూసి, పలక తీసి, 'ఉంది' అని రాశారు.

ఆ రాత్రి మేమిద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు. వాహూ చేప కొనుక్కొచ్చాం. అది మన వంజరం జాతిదే. తెచ్చుకున్న చింతపండుతో పులుసు పెట్టాను. పక్కనే ఫుంచి అని మొక్కజొన్న పిండితో చేసిన సంకటి. అది నోట్లో పెట్టుకుని ఆయన "మా అమ్మ చేసిన మక్క గట్క" అన్నారు, అంతే.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పగడాలు తెల్లబారడం వేరు, ఈ జబ్బు వేరు. నీళ్ళు బాగా వేడెక్కితే పగడం తనలో కాపురముండే నాచుని బయటికి పంపేస్తుంది. రంగు పోతుంది కానీ ప్రాణం ఉంటుంది. నీళ్ళు చల్లబడితే తేరుకోవచ్చు. జబ్బులో పొరే ఊడిపోతుంది, మళ్ళీ రాదు. బొనేర్‌కి రెండూ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. జబ్బు వచ్చిన 2023లోనే సముద్రం విపరీతంగా వేడెక్కింది. 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు నాలుగోసారి ప్రపంచమంతటా పగడాలు తెల్లబారుతున్నాయని ప్రకటించారు. అందులో ఈ చిన్న దీవి చేసిన తప్పు చాలా తక్కువ. ఇది నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

పున్నమి వెళ్ళిన మూడో రాత్రి వేరే సంగతి చూశాం. చీకటి పడ్డాక ముప్పావు గంటకి, చంద్రుడు రాకముందే, ఆరేడు మీటర్ల లోతున లైట్లు ఆర్పేసి ఊరికే తేలుతూ ఉన్నాం. కాసేపటికి చీకట్లో నీలి చుక్కలు ఒకదాని మీద ఒకటి, దండ గుచ్చినట్టు నిలువుగా వెలిగాయి. ఒక దండ, పక్కన ఇంకొకటి, తర్వాత లెక్క లేదు. ఆస్ట్రాకాడ్ అనే నువ్వుగింజంత ప్రాణులు. మగవి ఆడవాటిని పిలవడానికి వెలుగు చుక్కలు వదులుతూ ఈదుతాయి. 2017లో ఒడ్డున కూర్చున్న రాత్రుల్లో నా ముందున్న నీళ్ళలో ఇదంతా జరుగుతూనే ఉండి ఉంటుంది. మా ఆయన చెయ్యి వెతుక్కుని పట్టుకున్నాను.

రెండో వారంలో హిల్మా హుకర్ ఓడ చూశాం. 1984లో మునిగిన సరుకు ఓడ, ముప్పై మీటర్ల లోతున పక్కకి ఒరిగి పడుంది. నా చెవులు అంత లోతు తట్టుకున్నాయన్న సంతోషం తప్ప ఓడ గురించి నాకు చెప్పడానికి పెద్దగా లేదు. వేయి మెట్లు అనే సైట్‌కీ వెళ్ళాం. నిజానికి ఉన్నది డెబ్బై లోపే. సిలిండర్ వీపున పెట్టుకుని ఎక్కి వచ్చేటప్పుడు ఆ పేరు పెట్టిన వాళ్ళ మాట నిజమే అనిపిస్తుంది.

నాకు చెప్పాలనున్నది నారుమడి గురించి. రీఫ్ రెన్యువల్ ఫౌండేషన్ అనే స్థానిక సంస్థ సముద్రంలో పగడాల నారు పెంచుతోంది. వచ్చిపోయే డైవర్లు కూడా డైవ్ షాపుల్లో చిన్న కోర్సు చేసి ఆ పనిలో చెయ్యి వేయొచ్చు. మేం చేరాం. ఇసుక నేల మీద ఒక కడ్డీ చెట్టులా నిలబడి ఉంటుంది, కింద బరువు, పైన తేలే బుడ్డి. దాని కొమ్మలకి గేలం దారంతో వేలెడంత పగడపు ముక్కలు వేలాడుతుంటాయి. జింక కొమ్ముల్లాంటివి, దుప్పి కొమ్ముల్లాంటివి. మా పని కడ్డీల మీద పట్టిన నాచుని బ్రష్షుతో గీకడం, ముక్కల్ని కదలకుండా కాపాడుకోవడం. మా ఆయన వ్యవసాయ కుటుంబంలో పుట్టిన మనిషి. వాళ్ళ ఊరి బావిలో నడుముకి ఎండిన సొరకాయ బుర్ర కట్టుకుని ఈత నేర్చుకున్నారు. పైకొచ్చి గాలి పీల్చుకునే రెగ్యులేటర్ నోట్లోంచి తీయగానే "ఇది కలుపు తీసుడే" అన్నారు. నారు పెరిగాక కొమ్మల నుంచి కోసి దిబ్బ మీద నాటుతారు. ముదిరిన కొమ్మ నుంచి ఇంకో ముక్క విరిచి మళ్ళీ చెట్టుకి కడతారు.

ఈ కొమ్ముల పగడాలు 1980ల ప్రాంతంలో కరీబియన్ అంతటా వేరే జబ్బుతో దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. ఇప్పుడు వచ్చిన జబ్బు వీటికి సోకదు. అప్పుడు పోయినవాటిని ఇప్పుడు చేత్తో నాటుతున్నారు, అప్పుడు నిలబడ్డవి ఇప్పుడు పోతున్నాయి. మాకు నేర్పిన స్థానిక కుర్రాడికి ఇరవై ఐదేళ్ళు కూడా ఉండవు. రోజూ ఈ పని చేస్తాడు. నిరుత్సాహంగా ఉండదా అని అడిగాను. తను నాటిన చోట ఈ మధ్య చిన్న చేపలు కాపురం పెట్టాయని, రేపు చూపిస్తానని అన్నాడు. మర్నాడు చూపించాడు. కొమ్మల మధ్య గోరంత పసుపు చేపలు ఇరవై దాకా ఉన్నాయి. నేను కట్టిన ముక్క ఏ కొమ్మ మీద ఎన్నోదో రాసుకున్నాను.

విమానం ఎక్కేముందు ఒక రోజంతా డైవ్ చేయకూడదు, ఒంట్లో చేరిన నైట్రోజన్ బయటికి పోవాలి. కాబట్టి శుక్రవారం మధ్యాహ్నమే మా చివరి డైవ్. ఎక్కడికి అని ఇద్దరం ఒకరినొకరు అడగలేదు. పసుపు రాయి దగ్గర ట్రక్కు ఆపి, తలుపులు తాళం వేయకుండా, అద్దాలు దించి వదిలేశాం. అక్కడంతా అలాగే చేస్తారు, లోపల దొంగిలించడానికి ఏమీ లేదని చూసేవాళ్ళకి తెలియాలని. పదమూడు మీటర్లు. నేను తాడు లేకుండానే దిగాను. ఎడమ నుంచి రెండో స్తంభం, నీడ వైపు. ఆ ముక్క అలాగే ఉంది, ఊగుతోంది. తెల్లటి అంచు ఎక్కడా లేదు. తాకకుండా దాని పక్కన అరచేయి పెట్టి ఆయన చేత ఫోటో తీయించుకున్నాను, కొలత కోసం. పలక మీద పాత బొమ్మ పక్కన ఖాళీలో తేదీ, లోతు, 'అరచేయంత' అని రాశాను.

అక్కడ సముద్రం బాగా వేడెక్కేది సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో. అది దాటితే ఇంకో ఏడాది దొరికినట్టే. పార్కుకి కట్టిన నలభై డాలర్లు డిసెంబర్ దాకా చెల్లుతాయని నేను గుర్తు చేశాను. మా ఆయన నవంబర్‌కి టికెట్లు చూడటం మొదలుపెట్టారు.